పురిటింటి సొర

మా వూరు జహీరాబాదు. ఏ పక్కకి చూసినా సముద్రం ఇక్కడికి మూడువందల యాభై కిలోమీటర్లకి తక్కువ లేదు. ఎర్రనేల, చెరుకు తోటలు, అల్లం మళ్ళు, జొన్న చేలు, బొంబాయి రోడ్డు మీద రాత్రంతా లారీల రొద. ఇదీ మా వూరు. ఇలాంటి చోట కూచుని నేను సొరచేపల మీద వ్యాసం రాస్తున్నానంటే మీకు నవ్వొస్తోంది కదూ? మా ఆయనకీ వచ్చింది. "సొరకాయ మీద రాయి. వంట పేజీలో వేసుకుంటారు" అన్నారు.

ఆ వేళాకోళం వెనక ఓ కథ వుంది. అది చెప్పకుండా అసలు సంగతిలోకి వెళ్ళలేను.

మా పుట్టిల్లు భీమిలి. 1992లో మా అమ్మాయి కడుపున పడినప్పుడు తొలికాన్పుకి పుట్టింటికి వెళ్ళాలని ఎంతో ఆశపడ్డాను. కానీ ఏడోనెలలో డాక్టరమ్మ ప్రయాణం వద్దంది. దాంతో అమ్మే ఇక్కడికి వస్తానని కార్డు రాసింది. కార్డు చివర "సొర తెస్తున్నాను, వెతుక్కోకండి" అని ఓ వాక్యం. మా అత్తగారికి అది చదివి వినిపిస్తే ఆవిడ ముక్కుమీద వేలేసుకుంది. "సొరకాయ ఈడ దొర్కదా? పందిరి నిండ కాసినయి. గంత దూరంకెల్లి మోసుకొస్తదా మీ అమ్మ?" అంది.

గోదావరి ఎక్స్‌ప్రెస్సులో హైదరాబాదు దాకా, అక్కణ్ణించి బస్సులో మా వూరి దాకా వచ్చింది అమ్మ. ట్రంకుపెట్టె తెరిచేసరికి ఆ వాసన వీధి గుమ్మం దాకా కొట్టింది. నాలుగు పాత చీర ముక్కల్లో చుట్టిన ఎండు సొర! అత్తగారు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని "గిదేంది వదినా, గీ వాసన!" అని పెరట్లోకి నడిచింది. బస్సులో పక్కసీటు వాళ్ళు సంగారెడ్డి దాటక ముందే లేచి వెనక్కి పోయారని అమ్మ గొప్పగా చెప్పుకుంది.

పురుడయిన తరవాత ఆ సొరతోటే నాకు పథ్యం. నానబెట్టి, ఉడికించి, గరుకు కాగితంలా వుండే తోలు వలిచి, ముల్లు తీసి, చేత్తో పొడిపొడిగా చిదిమి, పిడికెడు వెల్లుల్లి, పసుపు, జీలకర్ర వేసి నూనెలో వేయించేది అమ్మ. మా వైపు దాన్ని సొరపిట్టు అంటారు. వేడన్నంలో కలిపి ముద్దలు చేసి పెడుతూ "తినవే, పాలు పడతాయి. పాలసొర ఇది, మామూలు సొర కాదు" అనేది. నేను తిన్నాను. పాలు పడ్డాయి. అమ్మ విజయగర్వంతో వియ్యపురాలి వంక చూసింది. అత్తగారు మాత్రం "నాకు అయిదుగురు పుట్టిండ్రు. ఒక్కనాడు సొర మొకం చూడలే. అందర్కి పాలు సాలినయి" అని ఊరుకుంది.

ముప్ఫైమూడేళ్ళు గడిచాయి. ఆనాటి పసిపిల్లే ఇప్పుడు పురిటికి నా దగ్గరికి వచ్చింది. భీమిలి నించి అమ్మ ఫోను చేసింది. "పాలసొర చూసి పంపిస్తాను. ఇప్పుడు దొరకటం కష్టంగా వుందే. దొరికినా ఇంతింత పిల్లలే" అంది.

ఆ మాట నాకు ఎక్కడో గుచ్చుకుంది. ఎందుకు దొరకటం లేదు? ఆ ప్రశ్న పట్టుకుని పుస్తకాలు వెతకటం మొదలుపెడితే, మా అమ్మ ట్రంకుపెట్టెలోంచి ఒక పెద్ద చరిత్రే బయటపడింది.

మొదట ఆ పేరు సంగతి చెబుతాను. రక్తపింజరి పామునీ మన పాలసొరనీ ప్రపంచానికి పరిచయం చేసింది ఒకే మనిషని మీకు తెలుసా? ఆయన పేరు పాట్రిక్ రస్సెల్. స్కాట్లండు దేశపు వైద్యుడు. 1782 ప్రాంతంలో ఈస్టిండియా కంపెనీ కొలువులో వున్న తమ్ముడితో కలిసి విశాఖపట్నం వచ్చాడు. 1785లో కంపెనీవారు ఆయన్ని ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా వేసుకున్నారు. పాముల మీద పని చేశాడు గనక రక్తపింజరికి ఇంగ్లీషులో ఆయన పేరే పెట్టారు. విశాఖ రేవులో దొరికిన రెండువందల చేపల బొమ్మలు గీయించి 1803లో లండన్‌లో రెండు సంపుటాలుగా అచ్చువేయించాడు. అందులో మనకి సంతోషం కలిగించే సంగతేమిటంటే, ఆ చేపలకి మన తీరంలో పిలిచే పేర్లే రాసుకున్నాడాయన. వాటిలో మన పాలసొర కూడా వుంది.

ఆ పుస్తకం చూసి ఫ్రెంచి శాస్త్రవేత్త కువియే ఆ పేరుని తన గ్రంథంలో ఎక్కించుకున్నాడు. అలా చాలాకాలం శాస్త్ర పుస్తకాల్లో "స్కోలియోడాన్ పాలసొర్రా" అనే పేరు నడిచింది. ఇప్పుడు ఆ పేరు మారింది గానీ, ఇంకో రకం సొరకి ఇవాళ్టికీ "కార్కరైనస్ సొర్రా" అనే పేరే వుంది. తెలుగు, తమిళ తీరాల్లో జాలరి ఆడవాళ్ళు గంపలు దించి కేకవేసే మాట లాటిన్ పక్కన పెద్దమనిషిలా కూచుందన్నమాట! పాలసొరని ఇంగ్లీషువాళ్ళు మిల్క్ షార్క్ అంటారు. ఆ చేప పాలిస్తుందని కాదు. దాన్ని తింటే బాలింతకి పాలు పడతాయని మన దేశంలో వున్న నమ్మకం వల్లనే ఆ పేరు వచ్చిందిట. అంటే మా అమ్మ నమ్మకం అంతర్జాతీయంగా నమోదయి వుంది.

పేరు సంగతి అలా వుంచి ఆ చేప బతుకు చూడండి. మనకి తెలిసిన చేపలు చాలావరకు గుడ్లు పెడతాయి. కానాగంతలు, కవ్వళ్ళు వేలకి వేలు, లక్షలకి లక్షలు గుడ్లు నీళ్ళలో వదిలేసి తమ దారిన పోతాయి. అందులో ఏ కొద్దో పెరిగి పెద్దవయితే చాలు, జాతి నిలబడుతుంది. పాలసొర అలా కాదు. కడుపులో పిల్లల్ని మోస్తుంది. దాదాపు ఏడాదిపాటు మోసి, ఒక్కో కాన్పులో మహా అయితే ఏడెనిమిది పిల్లల్ని కంటుంది. ఒక్కోసారి రెండే. పైగా ఆ పిల్లలకి మన పిల్లల్లాగే బొడ్డుతాడు వుంటుంది. తల్లి కడుపులోని మాయ నించి ఆ తాడు గుండానే వాటికి తిండి అందుతుంది.

చేపకి బొడ్డుతాడేమిటని మీరు ఆశ్చర్యపోతున్నారా? పూర్వం పండితులూ అలాగే ఆశ్చర్యపోయారు. రెండువేల మూడువందల ఏళ్ళ క్రితం గ్రీకు దేశపు అరిస్టాటిల్ ఒక చిన్నరకం సొరని కోసి చూసి, దాని పిల్లలు బొడ్డుతాళ్ళతో తల్లిని అంటిపెట్టుకుని వున్నాయని రాశాడు. తరవాతి వాళ్ళు చాలాకాలం ఆ మాట పట్టించుకోలేదు. చివరికి 1842లో జర్మను శాస్త్రవేత్త యోహన్నెస్ ముల్లర్ పరీక్షించి చూసి, ఆ ముసలాయన చెప్పింది నిజమేనని తేల్చాడు.

అది చదువుతుంటే నాకు చిన్నప్పటి భీమిలి ఒడ్డు కళ్ళముందు కదిలింది. 1977. నాకు ఎనిమిదేళ్ళు. అమ్మ చెయ్యి పట్టుకుని చేపలకి వెళ్ళాను. ఇసకలో ఒక ముసలామె సొరని కోస్తోంది. కడుపు చీల్చగానే నాలుగు పిల్లలు జారి పడ్డాయి. బొమ్మల్లా వున్నాయి. ప్రతిదాని పొట్టకింద తెల్లటి తాడు. అందులో ఒకటి తోక ఆడించింది. ముసలామె దాన్ని తీసి నీళ్ళలోకి విసిరి "పో, బతికితే బతుకు" అంది. అంతవరకే గుర్తుంది నాకు. తరవాత ఏం జరిగిందో, సొర కొన్నామో లేదో గుర్తులేదు. ఈ బొమ్మ మీరు కొంచెం జ్ఞాపకం పెట్టుకోండి. మళ్ళీ వస్తాను.

ఇలా నెమ్మదిగా కనే చేపని మనం పట్టటం ఈనాటిది కాదు. తెప్పల మీద, నావల మీద వెళ్ళి గేలాలతో, వలలతో పట్టి, కొంత వండుకుని, మిగిలింది ఉప్పేసి ఎండబెట్టుకోవటం తరతరాలుగా వుంది. కానీ ఆ రోజుల్లో మనిషి రెక్కల కష్టానికి ఒక హద్దుండేది. గాలివాటు చూసుకోవాలి, అల చూసుకోవాలి, చీకటిపడే లోపు ఒడ్డుకి రావాలి. సముద్రం తన వాటా తను దాచుకునేది.

ఆ హద్దుని మొదట చెరిపింది రెండో ప్రపంచయుద్ధం. ఎక్కడి యుద్ధం, ఎక్కడి సొర అనుకోకండి. మన చిన్నతనంలో ముక్కు మూసి తాగించిన చేపనూనె గుర్తుందా? అది ఎక్కువగా నార్వే దేశం నించి, కాడ్ అనే చేప కాలేయంలోంచి వచ్చేది. అందులో ఏ విటమిను, డి విటమిను వుంటాయనీ, రేచీకటి, ఎముకల వంకర రాకుండా కాపాడతాయనీ 1913 నించి 1922 లోపల శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. ఇక బలహీనంగా వున్న ప్రతి పిల్లకీ పిల్లాడికీ చెంచాడు నూనె. 1940 ఏప్రిల్ 9న హిట్లరు సైన్యం నార్వే మీద పడింది. నూనె రావటం ఆగిపోయింది.

అప్పుడు అందరి కళ్ళూ సొర మీద పడ్డాయి. సొర కాలేయం చాలా పెద్దది. అందులో ఏ విటమిను పుష్కలం. మద్రాసు ప్రభుత్వపు మత్స్యశాఖవారు కోళిక్కోడులో సొరనూనె తయారీ పెట్టారు. అప్పట్లో మా భీమిలీ ఆ కోళిక్కోడూ ఒకే మద్రాసు రాజధానిలో వుండేవి. తిరువాన్కూరు, బొంబాయి వాళ్ళు కూడా తయారీ మొదలుపెట్టారు. ఆస్పత్రుల్లో, బళ్ళలో సొరనూనె పంచారు. తరవాత రోజుల్లో మందుల షాపుల్లో షార్కోఫెరాల్ అనే టానిక్కు చూసే వుంటారు. పేరులోనే సొర వుంది. ఎంతోమంది పసివాళ్ళ కళ్ళు నిలిచాయి. ఆ మేలుని నేను కాదనను.

కానీ సముద్రానికి ఎంత ఖర్చయిందో అమెరికావాళ్ళ లెక్కలు చెబుతాయి. కాలిఫోర్నియా తీరంలో ఒకరకం సొర కాలేయంలో విటమిను మరీ ఎక్కువని తెలిసేసరికి బంగారం దొరికినట్టు ఎగబడ్డారు. 1939లో నాలుగువేల టన్నులకి పైగా పట్టారు. ధర ఏటేటా పెరిగింది. పడవలూ పెరిగాయి. 1944 నాటికి ఎంత తిరిగినా మూడువందల టన్నులు కూడా రాలేదు. అయిదేళ్ళలో ఖాళీ! సొర ఏడాది మోసి పిల్లల్ని కంటుందని వ్యాపారికి ఎవరు చెబుతారు? చెప్పినా వింటాడా?

ఆ వేట ఆగటానికి కారణం దయ కాదు. 1947లో స్విట్జర్లండులో రోష్ కంపెనీ శాస్త్రజ్ఞులు ఏ విటమినుని రసాయనాలతో తయారుచేసే పద్ధతి కనిపెట్టారు. దాంతో కాలేయానికి గిరాకీ పడిపోయింది. మన హైదరాబాదు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ వుంది కదా, వారి పరిశోధనల ఆధారంగా 1970లో దేశమంతటా పసిపిల్లలకి ఆరునెలలకోసారి ఏ విటమిను మందు పోసే కార్యక్రమం మొదలయింది. మా అమ్మాయికి ఇక్కడి నర్సమ్మ పోసిన ఆ తియ్యటి మందులో సొర లేదు. పిల్లల కళ్ళ కోసం సొరని చంపక్కర్లేని రోజులు వచ్చాయి.

అయినా సొరకి సుఖం రాలేదు. 1960ల నించి మన రేవుల్లో మరబోట్లు వచ్చాయి. అవి లాగే వలల్లో రొయ్యలతోపాటు సొర పిల్లలూ వచ్చేస్తాయి. ఆ తరవాత రెక్కల గిరాకీ వచ్చింది. చైనావాళ్ళ విందుల్లో సొర రెక్కల సూపు పెద్దింటి మర్యాద. రెక్కకి ధర ఎక్కువ, మాంసానికి తక్కువ. అందుకని నడిసముద్రంలో పట్టి, రెక్కలు కోసి, బతికున్న మొండేన్ని నీళ్ళలోకి తోసే పాపం కూడా ప్రపంచంలో చాలాచోట్ల జరిగింది. సొరల్ని ఎక్కువగా పట్టే దేశాల్లో ఇండొనేషియాతోపాటు మన దేశం పేరు కూడా ముందు వరసలో వుంది.

2021లో వచ్చిన పరిశోధనలు రెండు చూశాను. నడిసముద్రంలో తిరిగే సొరలు, టేకుచేపలు 1970తో పోలిస్తే నూటికి డెబ్భయ్యొక్క వంతు తగ్గిపోయాయని ఒకటి చెప్పింది. సొర, టేకు జాతుల్లో మూడోవంతుకి అంతరించే ముప్పు వుందని ఇంకోటి. మా పాలసొర కూడా ఆ ముప్పు జాబితాలోకి చేరింది. భీమిలిలో అమ్మకి ఇంతింత పిల్లలే ఎందుకు దొరుకుతున్నాయో అప్పుడు నాకు అర్థమయింది. పెద్దవి అయ్యేదాకా మిగలనిస్తే కదా!

మన ప్రభుత్వం చేతులు ముడుచుకుని కూచోలేదు. 2001 మే నెలలో తిమింగల సొర వేటని నిషేధించారు. ఆ జులైలో సొరలూ టేకులూ అన్నిటినీ పట్టకూడదన్నారు. జాలరి కుటుంబాలు గొల్లుమన్నాయి. మరి వలేసినప్పుడు ఏ చేప పడుతుందో వలకి తెలుస్తుందా? పడిన చేపని చూసి జైలుకి పంపితే ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది? ఆ గోడు విని డిసెంబరులో నిషేధాన్ని పది జాతులకి కుదించారు. రంపంలాంటి ముక్కు వుండే రంపపు చేపలు వాటిలో వున్నాయి. 2013లో రెక్కలు కోసి మొండెం పారేయటాన్ని ఆపుతూ, రెక్కలతో సహా మొత్తం చేపని ఒడ్డుకి తేవాలన్నారు. 2015లో రెక్కల ఎగుమతిని ఆపేశారు. 2022లో వన్యప్రాణి చట్టాన్ని సవరించి మరికొన్ని జాతుల్ని చేర్చారు. మన తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నించి జూన్ 14 దాకా మరబోట్ల వేటకి సెలవు. అది అన్ని చేపలకీ పురిటి సెలవు అనుకోండి.

చట్టం ఒక ఎత్తు, మనసు ఒక ఎత్తు. ఈ కథలో నా మనసుకి బాగా దగ్గరయింది గుజరాతు సంగతి. సౌరాష్ట్ర తీరానికి తిమింగల సొర వస్తుంది. లోకంలోకెల్లా పెద్ద చేప అది. ఒళ్ళంతా తెల్లటి చుక్కలు, ముగ్గు పెట్టినట్టు. మనిషిని ఏమీ అనదు. దాని కాలేయపు నూనె పడవలకి పూయటానికి బాగుంటుందని, మాంసానికి గిరాకీ వుందని వందలకొద్దీ చంపేవారు. 2000 ప్రాంతంలో మైక్ పాండే అనే ఆయన ఆ వేటని సినిమా తీసి చూపిస్తే లోకం కళ్ళు తెరుచుకున్నాయి. చట్టం వచ్చింది. కానీ ఒడ్డున వున్న జాలరికి చట్టం పుస్తకం ఎవరు చదివి చెబుతారు?

2004లో అక్కడ ప్రచారం మొదలయింది. రామకథ చెప్పే మొరారీ బాపు ముందుకొచ్చి ఒక్కటే మాట చెప్పారు. ఈ చేప మన తీరానికి పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపిల్ల లాంటిది, పుట్టింటికొచ్చిన బిడ్డని ఎవరైనా చంపుకుంటారా, అని. దానికి "వ్హాలీ" అని పేరు పెట్టారు. మన భాషలో ముద్దుల బిడ్డ అనుకోండి. అంతే! చంపిన చేతులే వలలు కోసి దాన్ని విడిచిపెట్టటం మొదలుపెట్టాయి. తెగిన వలకి నష్టపరిహారం ఇచ్చే ఏర్పాటూ చేశారు. అప్పటి నించి ఇప్పటికి వందలకొద్దీ చేపలు తిరిగి సముద్రంలోకి వెళ్ళాయి. వల తెగితే జాలరికి ఎంత నష్టమో తెలిసినవాళ్ళకే ఆ పని విలువ తెలుస్తుంది.

మన వైపూ అలాంటి మంచి మాట ఒకటి వుంది. 2022 ఫిబ్రవరిలో విశాఖ దగ్గర తంతడి ఒడ్డుకి రెండు టన్నుల తిమింగల సొర ఒకటి కొట్టుకొచ్చింది. అటవీశాఖవారూ, వన్యప్రాణి ప్రేమికులూ, అక్కడి జాలర్లూ కలిసి తంటాలు పడి దాన్ని బతికుండగానే లోతు నీళ్ళలోకి సాగనంపారు. ఆ వార్త చదివి మా అత్తగారికి చెబితే "బిడ్డను తోలిచ్చినట్టే తోలిచ్చిండ్రు" అంది. గుజరాతు సంగతి ఆవిడకి అప్పటికి తెలియదు మరి.

మా అత్తగారు సముద్రం చూడలేదు గానీ, ఈ వ్యాసంలో అసలు మాట ఆవిడదే. మా జహీరాబాదు చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్ళు సంఘాలు కట్టుకుని పాత జొన్నలు, కొర్రలు, సామలు, పప్పుల విత్తనాలు కాపాడుతున్నారు. 1983లో మొదలయిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వాళ్ళకి తోడు నిలిచింది. వెదురు బుట్టల్లో బూడిద, వేపాకు కలిపి మట్టి అలికి దాచిన విత్తనాలు నేను కళ్ళారా చూశాను. సొరల సంగతి నేను చెబుతుంటే అత్తగారు అంతా విని "ఎంత కరువొచ్చినా ఇత్తులు వండుకుంటరా? కడుపుతోటున్న చాప ఇత్తే గద" అంది.

ఇన్ని పుస్తకాలు తిరగేసి నేను పట్టుకోలేని మాట అది. చేపలు పట్టవద్దని ఎవరూ అనటం లేదు. జాలరి బతకాలి, మనం తినాలి. విత్తనం మాత్రం తినకూడదు. కడుపుతో వున్నదాన్ని, ఇంకా ఈడు రాని పిల్లల్ని వదిలితే రేపటికి సొర వుంటుంది. పెద్దజాతి సొరలకి ఈడు రావటానికే పది పదిహేనేళ్ళు పడుతుంది. ఒకసారి ఖాళీ చేస్తే మన మనవల కాలానికి గానీ తిరిగి నిండవు.

ఇంకో మాట కూడా తెలిసింది. పెద్ద సొరల మాంసంలో పాదరసం చేరుతుంది. గర్భిణులూ, పాలిచ్చే తల్లులూ సొర తినవద్దని అమెరికా ప్రభుత్వ ఆహార శాఖవారు సలహా ఇస్తున్నారు. ఏ తల్లి కోసమని మనం దాన్ని వెతికి వెతికి వండుతున్నామో ఆ తల్లికే వద్దంటున్నారు! పాలు పడటానికి బిడ్డ చీకటం, తల్లికి కడుపునిండా తిండి, కంటినిండా నిద్ర ముఖ్యమని మా డాక్టరమ్మ చెప్పింది. ఏ విటమినుకైతే మునగాకు వుంది, మా వూరి చేల గట్ల మీద ఎవరూ నాటకుండానే మొలిచే పొన్నగంటి, దొగ్గలి కూరలున్నాయి.

ఇదంతా సరే, అమ్మకి చెప్పటం ఎలా? ఆవిడ నాకు సొరపిట్టు కలిపి పెట్టిన చెయ్యి ఇంకా నా కళ్ళముందు వుంది. వద్దంటే ఆ ప్రేమని కాదన్నట్టు వుంటుందేమోనని రెండు రోజులు వాయిదా వేశాను. మూడోరోజు ఫోను చేసి నసుగుతూ, సాగదీస్తూ చెప్పాను. ఏడాది మోస్తుందనీ, బొడ్డుతాడు వుంటుందనీ చెప్పాను. అవతల చప్పుడు లేదు. లైను కట్టయిందనుకున్నాను.

"నాకు తెలుసే" అంది అమ్మ చివరికి. "నీ చిన్నప్పుడు ఒడ్డున చూశాంగా. అప్పుడు తమ్ముడు నా కడుపులో వున్నాడు. ఆ రోజు నేను సొర కొన్లేదు, నీకు గుర్తుందా? కొంగు కప్పుకుని వచ్చేశాను. నెల్లాళ్ళు చేప ముట్టలేదు."

నాకు గుర్తులేదు. ఇసక, ముసలామె, తోక ఆడించిన పిల్ల గుర్తున్నాయి గానీ, పక్కన నించున్న మా అమ్మ గుర్తులేదు.

"మరి నాకెందుకు పెట్టావే?" అన్నాను.

"కూతురి పురుడొస్తే తల్లికి అవన్నీ గుర్తుంటాయిటే? నా బిడ్డకి పాలు పడాలి అనుకున్నానంతే. ఎండిపోయి చీర ముక్కలో వున్నప్పుడు అది తల్లో పిల్లో ఏం తెలుస్తుంది?" అంది.

మొన్న పార్సిలు వచ్చింది. నా గుండె గుభేలుమంది. విప్పి చూస్తే సొర కాదు, ఎండు నెత్తళ్ళు. మీద తమ్ముడి చేత రాయించిన చీటీ: "ఇవి గుడ్లు పెట్టే రకమే, వేలల్లో పెడతాయిట, జాలరామెని అడిగి మరీ కొన్నాను. అమ్మాయికి వెల్లుల్లి వేసి వేయించి పెట్టు."

వాసన వీధి గుమ్మం దాకా కొట్టింది. ఎనభయ్యేళ్ళ మా అత్తగారు మంచం మీంచే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని "మల్లా గదే వాసన!" అంది. బాలింతరాలు లోపలి గదిలోంచి పకపకా నవ్వింది. ఆ నవ్వుకి పసిది ఉలిక్కిపడి, పాల కోసం ఏడుపు లంకించుకుంది.